హాలైడులు – మా బోరు నీళ్లు

సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాసిమ్మని మా యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, "హాలోజన్లు – వాటి ఉపయోగాలు" అని ఒకటి రాసి ఇచ్చేద్దామనుకున్నాను. నోట్సు ఉండనే ఉంది, పరీక్షకు చదివిన పాఠమే, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఇట్లాంటి వ్యాసం ప్రతి సావనీరులోనూ ఒకటి ఉంటుంది. రాసినవాడు, ప్రూఫులు దిద్దినవాడు తప్ప దాన్ని ఎవరూ చదవరు. కాని ఈ ఏడు సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్స్ చేస్తుండగా నాకొక సంగతి జరిగింది. అందుచేత పాఠం పాఠంగానే చెబుతూ ఆ సంగతి కూడా చెప్పదలచుకున్నాను. ఆర్ట్స్ మిత్రులు కూడా భయం లేకుండా చదవవచ్చు. సమీకరణం ఒక్కటి కూడా రాయలేదు.

ఆవర్తన పట్టికలో కుడిచేతి వైపు, జడవాయువులకు ఒక గడి ఇవతల, ఒక కుటుంబం ఉంది. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ అనే నలుగురు అన్నదమ్ములు. వీళ్ల తరువాత వచ్చేవాళ్లు రేడియోధార్మిక పదార్థాలు, పుట్టీ పుట్టకముందే పోతారు కనుక వాళ్లతో మనకు పని లేదు. హాలోజన్ అనే మాటకు గ్రీకులో ఉప్పును పుట్టించేది అని అర్థం. వీళ్లందరికీ బయటి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లుంటాయి. ఎనిమిదైతే కడుపు నిండినట్టు. ఆ ఒక్క ఎలక్ట్రాన్ కోసం వీళ్లు చేయని ఆగడం లేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది క్లోరిన్ వాయువునే. ఫ్లోరిన్ ఇంకా ఘోరం. దాన్ని విడిగా పట్టుకోవాలని ప్రయత్నించి కొందరు రసాయనశాస్త్రజ్ఞులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరకు 1886లో హెన్రీ మోయిసాన్ పారిస్‌లో ఆ పని సాధించాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతటి రౌడీలూ ఆ ఒక్క ఎలక్ట్రాన్ దొరకగానే, పెండ్లయి సంసారంలో పడ్డ కుర్రవాళ్లలాగా నెమ్మదిస్తారు. అట్లా నెమ్మదించిన రూపాన్నే హాలైడు అంటారు. ఫ్లోరిన్ ఫ్లోరైడు అవుతుంది, క్లోరిన్ క్లోరైడు అవుతుంది, తక్కిన ఇద్దరూ అంతే. నీటిలో పడితే భగ్గుమనే సోడియం, ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ కలిసి మన పప్పులో వేసుకునే ఉప్పు అవుతున్నాయి. పాఠం ఇంటర్మీడియెట్‌లో చదివినదే అయినా, ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ చెప్పను. శ్రీకాకుళం జిల్లా నౌపడాలోనూ, చినగంజాంలోనూ సముద్రపు నీటిని మళ్లకు పెట్టి ఎండకు ఆరగట్టి తీస్తారు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసాలో ఉండేది లీటరుకు 9 గ్రాముల ఉప్పే. మన కడుపులో అన్నం అరిగించే ఆమ్లం హైడ్రోక్లోరికామ్లం, అంటే అక్కడా క్లోరైడే. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు కలిపి తాగించే ఓఆర్ఎస్ పొట్లంలో మామూలు ఉప్పుతో పాటు పొటాషియం క్లోరైడు ఉంటుంది. ఈ పొటాషియం క్లోరైడు మా ఇంట్లోనూ బస్తాలకొద్దీ ఉంటుంది, అయితే మందు కోసం కాదు. రైతులు పొటాష్ అనే ఎరువు అదే. ఆ ఎరుపు దానిది కాదు, గనిలో దానితో కలిసి ఉన్న ఇనుపతుప్పుది. బస్తా మీద మ్యూరియేట్ అని ఉంటుంది. మ్యూరియా అంటే లాటిన్‌లో ఉప్పునీరు. ఇంత చదువు చదివి మా నాయనకు ఆ మాట అర్థం చెబితే, "అర్థం సరే, ధర ఎందుకు పెరిగిందో చెప్పు" అన్నాడు. పొగాకుకు మాత్రం ఈ పొటాష్ వేయరు. క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు. వాళ్లు సల్ఫేటు రూపంలోని పొటాష్ కొంటారు. పైరుకు కావలసింది పొటాషియం, కాని దాని వెంట వచ్చే హాలైడు ఏదన్నది కూడా చూసుకోవాలన్న మాట.

అయొడైడు మనిషి ఒంటికి కావలసింది రోజుకు చిటికెలో వెయ్యోవంతు కూడా ఉండదు. అది లేకపోతే మెడ దగ్గర గొంతుగడ్డ వస్తుంది, పుట్టే పిల్లల బుద్ధి మందగిస్తుంది. హిమాలయాల కింద కాంగ్రా లోయలో డాక్టర్ వి. రామలింగస్వామి గారు, తోటివారు 1956 నుంచి ఉప్పులో అయొడిన్ కలిపి ఇచ్చి, గడ్డలు తగ్గుతాయని చూపించారు. రామలింగస్వామి గారు శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువారు. మన ఉప్పు పొట్లంలో కలిపేది నిజానికి అయొడైడు కాదు, అయొడేటు. తేమకూ ఎండకూ అయొడైడు నుంచి అయొడిన్ ఎగిరిపోతుంది, అయొడేటు నిలుస్తుంది. సిల్వర్ అయొడైడు కథ వేరు. దాని స్ఫటికం మంచు స్ఫటికాన్ని పోలి ఉంటుంది. చల్లని మేఘంలో దాన్ని చల్లితే ఆ పలుకుల మీద మంచు పేరుకుంటుందని 1946లో అమెరికాలో వోనెగట్ కనిపెట్టాడు. 2000 తరువాత మన రాష్ట్రంలో మేఘమథనం పేరుతో విమానాలు తిప్పింది ఆ సూత్రం మీదనే. మా ఊరివాళ్లు విమానాన్ని చూశారు గాని, ఆ వాన దేవుడు కురిపించాడా విమానం కురిపించిందా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ల్యాబులో హాలైడును పట్టేది వెండి. ద్రావణంలో కాస్త నైట్రికామ్లం పోసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తాం. పెరుగులాంటి తెల్లని అవక్షేపం వచ్చి, అమోనియాలో కరిగితే క్లోరైడు. లేత పసుపు వచ్చి, అమోనియాలో కరిగీ కరగనట్టుంటే బ్రోమైడు. చిక్కని పసుపు వచ్చి, ఎంత అమోనియా పోసినా కరగకపోతే అయొడైడు. ఈ మూడు వాక్యాలు బట్టీ పట్టని బీఎస్సీ విద్యార్థి ఉండడు.

సంక్రాంతి సెలవుల తరువాత నేను ఇంటి నుంచి వస్తూ మా బత్తాయి తోటలోని బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. జిల్లా పేరు చెప్పగానే పెద్దవాళ్లకు విషయం అర్థమయ్యే ఉంటుంది. మా నీళ్లలో ఫ్లోరైడు ఉందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఫ్లోరైడు కూడా హాలైడే గదా, సిల్వర్ నైట్రేటు వేస్తే కనబడుతుందని నా తెలివి. బోరు నీళ్లు నాళికలో పోసి చుక్కలు వేశాను. తెల్లగా మసక వచ్చింది. "ఇదిగో ఫ్లోరైడు!" అని పక్క బెంచి మిత్రుడికి చూపించాను. అమోనియా వేస్తే ఆ మసక కాస్తా విడిపోయింది. అది మామూలు క్లోరైడు. ఏ బావి నీళ్లలోనైనా ఉండే ఉప్పు. మా సారు వెనక నిలబడి చూస్తున్నారు. "నువ్వు వెతుకుతున్న దొంగ అందులో ఉన్నా ఈ పోలీసుకు దొరకడయ్యా" అన్నారు.

సిల్వర్ ఫ్లోరైడు నీటిలో కరిగిపోతుంది. ఇది పుస్తకంలో ఒక్క లైనులో ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేను చాలాసార్లు రాశాను, మార్కులూ వచ్చాయి. కాని ఆ లైనుకు అర్థం ఆరోజే తెలిసింది. లీటరు నీటిలో సిల్వర్ క్లోరైడు 2 మిల్లీగ్రాములు కూడా కరగదు. సిల్వర్ ఫ్లోరైడు కిలోన్నరకు పైగా కరుగుతుంది. ఒక తల్లి బిడ్డల మధ్య ఇంత తేడా ఎందుకు? కారణం సైజు. ఫ్లోరైడు అయాన్ నలుగురిలోకీ చిన్నది. చిన్నది గనుక తన ఆవేశమంతా కొద్ది చోటులో ఉంటుంది, చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుంటుంది. వెండిని వదిలి నీటితో పోవడమే దానికి లాభం. అయొడైడు పెద్దది, దాని ఎలక్ట్రాన్ మేఘం మెత్తగా సాగుతుంది, వెండి దాన్ని తనవైపు లాక్కుని వదలదు. క్లోరైడు, బ్రోమైడు నడుమ ఉంటాయి. కాబట్టి ముగ్గురు అన్నదమ్ములను పట్టిచ్చే పరీక్ష నాలుగోవాడిని మాత్రం వదిలేస్తుంది. ఆ నాలుగోవాడే మా ఊళ్లో ఉన్నవాడు.

పైగా దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అంతకంటే అన్యాయం ఇంకొకటుంది. ఈ బోరు పడ్డ కొత్తలో మా నాయనమ్మ ఆ నీళ్లను ఎంత మెచ్చుకుందో నాకు గుర్తు. "పాత బాయి నీళ్లకు కందిపప్పు ఉడికేది కాదు బిడ్డా, ఈ నీళ్లకు ఎన్నలెక్క ఉడుకుతుంది. సబ్బు నురుగు ఎంత మంచిగొస్తుందో చూడు" అనేది. దీన్ని కెమిస్ట్రీలో పెట్టి చూడండి. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగకపోవడం కఠిన జలం లక్షణాలు. అంటే నీటిలో కాల్షియం ఎక్కువ. కాల్షియం ఉంటే అది ఫ్లోరైడును పట్టి, కరగని కాల్షియం ఫ్లోరైడుగా కొంత వరకు కట్టేస్తుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీటిలో ఆ కట్టు ఉండదు, రాతిలోని ఫ్లోరైడు యథేచ్ఛగా నీటిలోకి దిగుతుంది. నీళ్లు మెత్తనైనకొద్దీ ఫ్లోరైడుకు దారి సులువన్న మాట. మా నాయనమ్మ మెచ్చుకున్న గుణమే ఆ నీటి దోషానికి గుర్తు.

మా జిల్లాలో నేల కింద ఉన్నది గ్రానైటు. అందులో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకంలాంటి ఫ్లోరిన్ ఖనిజాలు ఎక్కువ. మా తాత కాలంలో ఊట బావి నలభై అడుగులు. నాయన వేయించిన మొదటి బోరు రెండు వందలు, ఇప్పుడు నీళ్లు పోస్తున్నది ఆరు వందలు దాటింది. మధ్యలో మూడు బోర్లు ఎండిపోయాయి, వాటి అప్పు మాత్రం ఎండలేదు. ఎంత లోతుకు పోతే నీరు రాతితో అంత ఎక్కువ కాలం కలిసి ఉన్నట్టు. బత్తాయి చెట్లు ఎండిపోతుంటే లోతుకు పోవద్దని ఏ రైతుకు చెప్పగలం?

ఫ్లోరైడు ఒంట్లో ఏం చేస్తుందో ఇప్పుడు చెబుతాను. మన ఎముకలు, పళ్లు హైడ్రాక్సీ అపటైటు అనే కాల్షియం ఫాస్ఫేటు లవణంతో కట్టినవి. దానిలో హైడ్రాక్సైడు అయాన్లకు వరుసగా కుర్చీలు వేసి ఉంటాయి. ఫ్లోరైడు అయాన్ ఆవేశంలోనూ, సైజులోనూ దాదాపు హైడ్రాక్సైడు అంతే. కుర్చీ దొరికితే కూర్చుంటుంది, కూర్చుంటే లేవదు. కొద్దిగా కూర్చుంటే మంచిదే. పంటి పింగాణీ గట్టిపడి, పుల్లని పదార్థాలకు తొందరగా కరగదు. టూత్ పేస్టులో ఫ్లోరైడు వేసేది అందుకే. మన దేశంలో అది 1000 పీపీఎం మించరాదని నియమం. అమెరికాలో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే పట్టణంలో 1945 జనవరిలో తాగే నీటిలో ఫ్లోరైడును కావాలని కలిపారు, పిల్లల పళ్లు పుచ్చకుండా. లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున. అక్కడ పైసలు పెట్టి నీళ్లలో కలిపినదాన్ని ఇక్కడ పైసలు పెట్టి తీయవలసి వస్తున్నది. మన ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పెరిగే పిల్లల పళ్లమీద తెల్లని, తరువాత గోధుమరంగు చారలు పడతాయి. పదులకొద్దీ ఏళ్లు తాగితే ఎముకలు బరువెక్కి, కీళ్ల దగ్గర నరాలూ పట్టీలూ కూడా సున్నం కట్టి, వెన్నెముక వెదురుబద్దలాగా ఒక్కటైపోతుంది.

మా తాత వెన్ను అట్లాగే అయింది. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన తల నడుము కంటే కిందికి వంగి ఉండేది. తల ఎత్తి ఎదుటివాళ్ల ముఖం చూడలేడు. ఇంటికి ఎవరు వచ్చినా కాళ్లు చూసి పేరు పెట్టి పిలిచేవాడు. "మడమ పగిలిన కాలు, మా చిన్నోడిది" అని మా బాబాయిని, "గజ్జెల కాలు, నా మనుమరాలిది" అని మా చెల్లెను. నేను చిన్నప్పుడు అది ఆయన చమత్కారమనుకున్నాను.

ఆయన పోయి పదకొండేండ్లయింది. మా ఇంట్లో ఇనుప పెట్టెలో ఆయన ఎక్స్-రే ఒకటుంది, 1998లో హైదరాబాదులో తీయించినది. పాతకాలపు ఫిల్ము. మొన్న సెలవుల్లో దాన్ని తీసి కిటికీకి పెట్టి చూశాను. మామూలుగా వెన్నుపూసల మధ్య సందులు నల్లగా కనబడాలి. తాత ఫిల్ములో అవి లేవు. పై నుంచి కింది వరకు ఒకే తెలుపు, సున్నపు గోడలాగా. ఇక్కడ నాకు ఒక విషయం తట్టింది. ఆ కాలపు ఎక్స్-రే ఫిల్ము మీద పూత సిల్వర్ బ్రోమైడు. కాంతిగాని ఎక్స్-కిరణంగాని తగిలిన పలుకుల్లో వెండి విడిపోయే తయారీ మొదలవుతుంది, డెవలపర్‌లో అది నల్లబడుతుంది, తగలని పలుకులను హైపో కడిగేస్తుంది. మన అమ్మానాన్నల పెండ్లి ఫోటోలు కూడా అట్లా వచ్చినవే. ఎముక దట్టంగా ఉన్నచోట కిరణం ఆగిపోయి ఫిల్ము తెల్లగా మిగులుతుంది. పరీక్షనాళికలో ఫ్లోరైడును పట్టలేకపోయిన వెండి, అన్న బ్రోమైడు సహాయంతో దాన్ని మా తాత ఎముకల్లో పట్టింది. కాని అప్పటికి ఆయన నలభై ఏండ్లు ఆ నీళ్లు తాగేశాడు.

ఈ జబ్బును మన దేశంలో కనిపెట్టిన చరిత్ర కూడా మనదే. 1934లో మహాజన్ అనే పశువైద్యుడు పాత హైదరాబాదు సంస్థానంలోని పశువుల్లో దీన్ని గుర్తించి రాశాడు. 1937లో షార్ట్, ఆయన తోటివారు నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు, మనుషులకు వచ్చిన ఈ కీళ్ల వంకరకు కారణం నీటిలోని ఫ్లోరైడే అని తేల్చారు. పశువుల సంగతి ముందు తెలియడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఎద్దు కాలు ఈడిస్తే రైతు ఆ పూటే చూస్తాడు, తన నడుము పట్టేస్తే మటుకు వయసు అనుకుంటాడు.

తరువాత మా జిల్లా పేరు రసాయనశాస్త్రంలోకి ఎక్కింది. నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. విదేశాల పుస్తకాల్లో కూడా ఇదే పేరుతో ఉంది. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పితే అల్యూమినియం హైడ్రాక్సైడు దూదిపింజెల్లాగా విడుతుంది. ఆ పింజెలు ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు చేరతాయి. పైనుంచి తేట నీరు తీసుకోవాలి. బ్లీచింగ్ పౌడరు మాత్రం ఫ్లోరైడు కోసం కాదు, క్రిముల కోసం. ఒకడిని వెళ్లగొట్టడానికి వాడి అన్న క్లోరిన్‌ను ఇంట్లోకి పిలిచినట్టయింది. పద్ధతి మంచిదే, వస్తువులు సంతలో దొరికేవే. అయితే నీరు నీరుకూ పటిక మోతాదు మారుతుంది, అడుగున మడ్డి మిగులుతుంది, రోజూ ఎవరో ఒకరు ఈ పని చేయాలి. నాట్లకు పోయే ఇల్లాలు తెల్లవారుజామున పటిక తూచి పోస్తుందా? పుస్తకంలో పేరు నిలిచినంతగా ఇండ్లల్లో పద్ధతి నిలవలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు కూడా మా వైపు చాలా పని చేశారు. పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేట్టు కాళ్లు వంకరపోతున్న సంగతిని 1973లో వారే ప్రకటించారు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని కూడా 2000 తరువాత వారే చూపించారు. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని మా నాయనకు ఈ ఒక్క పరిశోధన చాలా నచ్చింది.

నీళ్ల కోసం మా జిల్లావాళ్లు చేసిన పోరాటంలో ఒకటి మాత్రం చెప్పి తీరాలి. 1996 లోకసభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపు మీద నల్లగొండ స్థానానికి జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. మా నాయన ఆ ఓటు వేశాడు. "గుర్తు దొరికేసరికి పొద్దు గుంకింది" అని ఇప్పటికీ నవ్వుతాడు.

ఇప్పుడు మా ఊరికి శుద్ధి చేసిన కృష్ణ నీళ్లు పైపులో వస్తున్నాయి. వచ్చి ఏడెనిమిదేండ్లయింది. దాని ఫలితం మా ఇంట్లోనే చూడవచ్చు. మా చెల్లె పుట్టింది పైపు రాకముందు. పక్కా పళ్లు చిగురులోనే తయారయ్యే వయసంతా బోరు నీళ్లే తాగింది. నవ్వు వస్తే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఎనిమిదేండ్లు దాటాక ఎన్ని మంచి నీళ్లు తాగినా ముందుపళ్ల మీద ఆ చారలు పోవు. మా బాబాయి కొడుకు పైపు వచ్చాక పుట్టాడు. వాడికి ఈమధ్యే కొత్త పళ్లు వచ్చాయి, కొబ్బరి ముక్కల్లాగా ఉన్నాయి. ఒకే ఇంటి పిల్లలు, ఒకే తిండి, మారింది నీళ్లొక్కటే.

అయితే పైపు ఇంటి ముంగిట వరకే వస్తుంది. తోట ఊరికి రెండు కిలోమీటర్లు. పొద్దంతా ఎండలో పనిచేసేటప్పుడు నాయన తాగేది బోరు నీళ్లే. బత్తాయి తెంపడానికి వచ్చే కూలీలూ, వాళ్ల వెంట వచ్చే చిన్నపిల్లలూ అవే తాగుతారు. సెలవులు వస్తే బాబాయి కొడుకూ అక్కడే ఉంటాడు. ఇంటి నుంచి నీళ్లు తీసుకుపొమ్మని నేను ఎన్నోసార్లు చెప్పాను. "చల్లటి బోరు నీళ్లు పక్కన పోతుంటే డబ్బా నీళ్లు మోసుకపోతరారా? నువ్వు జెప్పే ఫ్లోరైడు ఏడున్నదో ఒక్కపారి నాకు సూపెట్టు" అన్నాడు నాయన. ఆ సీసా నేను కాలేజీకి తెచ్చింది ఆ మాట మీదనే. తీరా వెండి నన్ను అట్లా మోసం చేసింది.

ఆరోజు సంగతంతా చెబితే మా సారు అల్మైరా తాళం తీసి ఒక సీసా చూపించారు. అందులో జిర్కోనియం, అలిజరిన్ అనే రంగు కలిసి ఎర్రగా ఉంటాయి. ఫ్లోరైడు వస్తే జిర్కోనియాన్ని తనవైపు లాక్కుని కూర్చుంటుంది. జత విడిపోయిన రంగు ఆమ్లంలో పసుపుగా మిగులుతుంది. ఎరుపు ఎంత తగ్గితే ఫ్లోరైడు అంత ఉన్నట్టు. ఫ్లోరైడు వెండిని లెక్కచేయకపోయినా జిర్కోనియం మీద దానికి వదలలేని మోజు. తెలిసిన మోతాదు ద్రావణాల పక్కన పెట్టి, గంటసేపు ఆగి రంగు పోల్చుకోవాలి. మా బోరు నీళ్లను పలుచన చేసి చూస్తే లీటరుకు మూడుకూ నాలుగుకూ మధ్య తేలింది. ఇది కంటితో చూసే కొలత, గట్టి లెక్క కాదు. కాని ఒకటిన్నర దాటిందనడంలో సందేహం లేదు.

సారును బతిమాలి ఆ ద్రావణం చిన్న సీసాలో కొంత తీసుకుని, శివరాత్రికి ఇంటికి పోయాను. వాకిట్లో మంచం మీద మూడు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదానిలో బోరు నీళ్లు, ఒకదానిలో పైపు నీళ్లు, ఒకదానిలో ల్యాబు నుంచి తెచ్చిన స్వేదన జలం. మూడింటిలోనూ సమానంగా చుక్కలు వేసి, గంట ఆగమన్నాను. నాయన బీడీ ముట్టించుకుని ఎదురుగా కూర్చున్నాడు. నాయనమ్మ, "కాంచి తాగితే పోదారా అది?" అని అడిగింది. పోదు నాయనమ్మా, నీళ్లు ఆవిరైపోతయి, అది అడుగున్నే ఉంటది, ఇంకింత చిక్కబడుతది అన్నాను. గంటయ్యేసరికి స్వేదన జలం గ్లాసు ఎర్రగానే ఉంది. పైపు నీళ్ల గ్లాసులో ఎరుపు కొంచెం తగ్గింది. బోరు నీళ్ల గ్లాసు పసుపు నీళ్లలాగా ఉంది.

నాయన ఆ గ్లాసును చేతిలోకి తీసుకుని దీపం వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. తరువాత, "మీ బాబాయి బోరు నీళ్లు ఎట్లున్నయో చూడు. పిలగాడు ఆడనే ఆడుకుంటడు" అన్నాడు. మా చెల్లె పరుగెత్తి ఒక చెంబెడు తెచ్చింది. అవి మా నీళ్లకంటే కాస్త నయం. ఈలోపల పక్కింటి వాళ్లు వచ్చారు. చీకటి పడేసరికి వాకిట్లో తొమ్మిది చెంబులు చేరాయి. ఒక్కొక్కరు తమ చెంబు దగ్గర తామే కాపలా కూర్చున్నారు, మారిపోతుందేమోనని. అన్నిటికంటే కింది వాడకట్టు బోరింగు నీళ్లే తొందరగా పసుపెక్కాయి. బడి దగ్గరి బోరింగు నీళ్లు తెచ్చేసరికి నా సీసాలో ద్రావణం అయిపోయింది.

తెల్లవారి నాయన తోటకు పోతూ సైకిల్ హ్యాండిలుకు ఇరవై లీటర్ల డబ్బా తగిలించుకున్నాడు. నడుముకు తగులుతుందని తిట్టుకుంటూనే పోయాడు. కూలీలకు అది చాలదు, రెండు కావాలి.

బడి నీళ్ల చెంబు మూత పెట్టి మా అటక మీద ఉంచి వచ్చాను. ఉగాదికి పోయేటప్పుడు ఇంకొక సీసా ద్రావణం కావాలని సారును అడిగాను. ఇస్తానన్నారు గాని, జిర్కోనియం ఖరీదెక్కువట, చుక్క కూడా ఒలకపోయవద్దన్నారు.